మొదటి ఆట ఒక్కసారే: షూటర్ మ్యాపుల పోటీలో మార్కుల లెక్క

దసరా సెలవుల్లో హనుమకొండలో కొంతమంది ఇంజనీరింగ్ పిల్లలు తమలో తాము ఒక పోటీ పెట్టుకున్నారు. డూమ్ అనే పాత షూటర్ గేముకు, అంటే తుపాకీతో రాక్షసులను కాల్చే ఆటకు, ఎవరికి వాళ్లు ఒక లెవెల్ తయారు చేయాలి. ఒక్కడే కూర్చుని ఆడే లెవెల్ కావాలి, ఓరుగల్లు చుట్టుపక్కల చోటు ఏదో ఒకటి అందులో కనిపించాలి. మార్కులు వేయడానికి ముగ్గురిని పిలిచారు. ఆ ముగ్గురిలో నేనొకణ్ని.

ఫలితాలు చెప్పిన రాత్రి మెట్ల బావి మ్యాప్ చేసిన తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఇద్దరు జడ్జీలు నాదే ఫస్ట్ అన్నరు. మరి నాకు మూడో ప్లేస్ ఎట్ల వచ్చింది?"

వాడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. గ్రూపులో రెండు రోజులు ఇదే వాదన నడిచింది. లెక్క తప్పని కొందరు, జడ్జీలకు ఆడటం రాదని కొందరు అన్నారు. కూడికలో తప్పేమీ లేదు. మార్కు అనేది ఎక్కడ పుడుతుంది, మూడు మార్కులను కలిపితే ఏమవుతుంది అన్నదాంట్లోనే చిక్కంతా ఉంది. ఈ ఆటలు ఎన్నడూ ఆడనివాళ్లకు కూడా అర్థమయ్యేలా మొదట్నుంచీ చెబుతాను.

మ్యాప్, ఇంజిన్, ఎడిటర్: ముందు ఈ మూడు మాటలు

షూటర్ గేములో రెండు భాగాలుంటాయి. తుపాకీ పేలితే ఏం జరగాలి, గోడ తగిలితే మనిషి ఎలా ఆగాలి, వెలుతురు ఎలా కనిపించాలి అనేవి చూసుకునే ప్రోగ్రాం ఇంజిన్. గోడలు ఎక్కడున్నాయి, తలుపు ఎటు తెరుచుకుంటుంది, రాక్షసుడు ఎటు తిరిగి నిలబడ్డాడు, తూటాల డబ్బా ఏ మూలన ఉంది అనే సమాచారమంతా మ్యాప్. దీన్నే లెవెల్ అని కూడా అంటారు. మ్యాప్ గీయడానికి వాడే ప్రోగ్రాం ఎడిటర్.

1993 డిసెంబర్‌లో ఐడీ సాఫ్ట్‌వేర్ కంపెనీ డూమ్‌ను విడుదల చేసినప్పుడు ఇంజిన్‌ను ఒకవైపు ఉంచి, సమాచారాన్ని వాడ్ అనే ఫైలులో వేరుగా పెట్టింది. దాంతో ఇంజిన్ జోలికి పోకుండానే ఎవరైనా కొత్త వాడ్ తయారు చేసి ఆడుకునే వీలు కలిగింది. 1996లో వచ్చిన క్వేక్, 1998లో వచ్చిన హాఫ్‌లైఫ్ అనే షూటర్లు కూడా మ్యాపులు చేసుకునే పనిముట్లను అభిమానుల చేతికి ఇచ్చాయి. డూమ్ ఇంజిన్ ప్రోగ్రాం అసలు రాత అయిన సోర్స్ కోడ్‌ను 1997 చివర్లో, క్వేక్‌ది 1999 చివర్లో అందరికీ ఇచ్చేశారు. ముప్పై ఏళ్లు దాటినా ఈ ఆటలు బతికి ఉండటానికీ, మన పిల్లల పాత లాప్‌టాప్‌లో కూడా పరుగెత్తడానికీ కారణం అదే. డూమ్‌కు అల్టిమేట్ డూమ్ బిల్డర్, క్వేక్‌కు ట్రెంచ్‌బ్రూమ్ అనే ఎడిటర్లు ఉచితంగా దొరుకుతాయి.

ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి ఆడినవాళ్లకు మ్యాప్ అనగానే కౌంటర్ స్ట్రైక్‌లోని డస్ట్ 2 గుర్తొస్తుంది. కౌంటర్ స్ట్రైక్ కూడా 1999లో హాఫ్‌లైఫ్ మీద అభిమానులు కట్టిన ఆటగానే మొదలైంది. అయితే అది మనిషికి మనిషి ఎదురుగా ఆడేది. అక్కడ మ్యాప్‌ను చూసేవాళ్లు రెండు జట్లకూ సమానంగా అవకాశం ఉందా అని ముందు చూస్తారు. ఒక్కడే ఆడే లెవెల్‌లో ఎదుటి జట్టు ఉండదు. రాక్షసులను, తలుపులను, తాళాలను, తూటాలను అన్నిటినీ ముందే పెట్టేసి మ్యాప్ చేసినవాడు వెళ్లిపోతాడు. ఆడేవాడి పక్కన కూర్చుని "అటు కాదు, ఇటు" అని చెప్పే వీలుండదు. వాడు చెప్పాలనుకున్నదంతా గోడలూ దీపాలే చెప్పాలి.

తూటాల లెక్క: ఒక గదిని విప్పి చూద్దాం

జడ్జి చూసేవాటిలో కొన్ని కంటికి వెంటనే తెలుస్తాయి. గోడల మీది బొమ్మలు ఒకదానికొకటి అతికాయా, వెలుతురూ నీడా ఉన్నాయా, తలుపులు సరిగ్గా తెరుచుకుంటున్నాయా, మ్యాప్ పూర్తి చేయడానికి వీలుందా. వీటి మీద జడ్జీల మధ్య పెద్ద గొడవ రాదు.

గొడవ వచ్చేది పోరాటం దగ్గర. ఒక గదిలో ఎవరెవరిని పెట్టారు, వాళ్లను ఎదుర్కోవడానికి ఆటగాడికి ఏమిచ్చారు అనేదే ఒంటరి లెవెల్‌కు ప్రాణం. డూమ్‌లో దీన్ని చక్కగా లెక్క కట్టవచ్చు.

డూమ్ షాట్‌గన్ ఒక్కసారి పేలితే 7 గుండ్లు వెళతాయి. ఒక్కో గుండు 5, 10 లేదా 15 నష్టం చేస్తుంది. సగటున 10 అనుకుంటే, అన్నీ తగిలినప్పుడు ఒక తూటాకు 70. ఇంప్ అనే చిన్న రాక్షసుడి ప్రాణం 60, అంటే అంత నష్టం జరిగితే చస్తాడు. బేరన్ అనే పెద్ద రాక్షసుడి ప్రాణం 1000.

ఒక గదిలో ఒక బేరన్, పది ఇంపులు ఉన్నాయనుకుందాం. మొత్తం ప్రాణం 1600. గురి ఒక్కటీ తప్పకపోతే 23 తూటాలు సరిపోతాయి. మ్యాప్ చేసినవాడు ఆ గదికి 20 తూటాల పెట్టె ఒకటి, 4 తూటాల కట్టలు మూడు, మొత్తం 32 తూటాలు పెట్టాడు. తన లెక్కలో 9 తూటాలు అదనంగానే ఇచ్చాడు.

ఇప్పుడు ఆ గదిని ఎన్నడూ చూడనివాడు తలుపు తీశాడు. ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియదు, వెనక్కి నడుస్తూ కాలుస్తాడు, మూడు గుండ్లలో రెండే తగులుతాయి. అప్పుడు ఒక తూటా విలువ 47కు పడిపోతుంది. 32 తూటాలూ అయిపోయేసరికి వాడు చేసిన నష్టం సుమారు 1490. ఇంకో వంద పైచిలుకు ప్రాణంతో బేరన్ ఎదురుగా నిలబడి ఉంటాడు, వీడి చేతిలో తూటా ఒక్కటీ ఉండదు. చేసినవాడికి తేలికైన గది కొత్తవాడికి గోడలా తగులుతుంది. ఇద్దరూ ఆడింది ఒకే గది.

మార్కు తగ్గించాలా? తొందరపడకూడదు. డూమ్‌లో ఇంప్ విసిరిన నిప్పు ముద్ద దారిలో ఉన్న బేరన్‌కు తగిలితే, బేరన్ ఆటగాణ్ని వదిలేసి ఆ ఇంప్ మీదికి తిరుగుతాడు. చేసినవాడు ఇంపులను గట్టు మీద, బేరన్‌ను కింద పెట్టాడంటే, వాళ్లలో వాళ్లకు తగువు పెట్టమనే ఉద్దేశం కావచ్చు. అప్పుడు ఆ 32 తూటాలు ధారాళం. జడ్జికి ఆ కిటుకు తట్టకపోతే "తూటాలు చాలలేదు" అని రాస్తాడు. తట్టినవాడు "భలే గది" అని రాస్తాడు. ఆ కిటుకు ఉందని సూచించే బాధ్యత మ్యాప్‌దా, పసిగట్టే బాధ్యత ఆటగాడిదా అన్నదాని మీద ఏళ్లుగా మ్యాపులు చేస్తున్నవాళ్లే రెండు వర్గాలుగా ఉన్నారు. నా వరకు, అదే కిటుకును ముందు ఒక చిన్న గదిలో, ఇద్దరు రాక్షసులతో ఒకసారి చూపించిన మ్యాప్‌కు ఎక్కువ వేస్తాను. చెప్పకుండా పరీక్ష పెట్టడం కన్నా చెప్పి పెట్టడం కష్టమైన పని.

చోటును ఉన్నదున్నట్టు దించితే

మా పోటీలో ఓరుగల్లు కనిపించాలి అన్నారు కదా. ఇక్కడ రెండో చిక్కు. ఎంత కనిపించాలి?

కోటతో అదృష్టం కలిసొచ్చింది. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తి చేయించిన రాతి కోటకు 45 బురుజులు ఉన్నాయి. దాని ద్వారాల్లో నేరుగా లోపలికి పోలేం. ఒకసారి పక్కకు తిరిగి, మళ్లీ తిరిగి పోవాలి. శత్రు సైన్యం వేగం తగ్గించడానికి, తిరిగిన చోట పైనుంచి కొట్టడానికి అలా కట్టారు. షూటర్ గేములో మూల మలుపు చేసే పని సరిగ్గా అదే. ఆ ద్వారాన్ని ఉన్నదున్నట్టు గీసిన అమ్మాయికి మంచి పోరాటం దానంతట అదే వచ్చింది. ఎనిమిది వందల ఏళ్ల కింద ఎవరో మేస్త్రీ ఆలోచించి పెట్టిన మలుపు స్క్రీన్ మీద నన్ను భయపెట్టిందంటే, ఆ ఆనందం వేరు.

వేయి స్తంభాల గుడి మ్యాప్‌లో కథ తిరగబడింది. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో స్తంభాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ దట్టం కనిపించాలని మ్యాప్ చేసిన పిల్లవాడు స్తంభాల మధ్య 36 యూనిట్ల సందు పెట్టాడు. యూనిట్ అంటే డూమ్‌లో దూరాల కొలత. ఆటగాడి వెడల్పు 32 యూనిట్లు, కాబట్టి దూరిపోతాడు. ఇంప్ వెడల్పు 40, దూరలేదు. పంటితో కొరికే డీమన్ వెడల్పు 60, అది దగ్గరికి కూడా రాలేదు. ఆటగాడు స్తంభాల వెనక నిలబడితే సగం సైన్యం పనికిరాకుండా పోతుంది. చూడటానికి గుడి అచ్చం గుడిలాగే ఉంది, పోరాటం మాత్రం చప్పబడిపోయింది.

పోలికకు ఎన్ని మార్కులు, ఆటకు ఎన్ని అన్నది ముందే రాసి పెట్టుకోకపోతే ఇక్కడ జడ్జీలు విడిపోవడం ఖాయం. పోలిక ముఖ్యం అనేవాళ్ల వాదన బలమైనదే. చోటు పేరు పెట్టుకున్నప్పుడు ఆ చోటు తెలిసినవాడు చూడగానే గుర్తుపట్టాలి, లేకపోతే ఆ పేరెందుకు? అవతలివాళ్లదీ బలమైనదే. ఫొటో కావాలంటే ఫొటో తీసుకోవచ్చు, ఆట ఆటలా ఉండాలి. ఒకరు దించిన దాన్ని, ఇంకొకరు దాన్నుంచి తీసుకున్న ఊహను ఒకే గడిలో మార్కులుగా వేస్తే ఇద్దరికీ అన్యాయమే.

గుడిలో కాల్పులు పెట్టొచ్చా అన్న మాట కూడా వచ్చింది. కొందరికి అది పాత కట్టడం, కొందరికి ఇవాళ్టికీ పూజ జరిగే చోటు. ఆ పిల్లవాడు గర్భగుడిని ఖాళీగా వదిలి, పోరాటమంతా బయటి మండపంలోనే పెట్టాడు. నాకు ఆ జాగ్రత్త నచ్చింది. కానీ ఇలాంటివి పోటీ నిబంధనల్లో ముందే తేలాలి. మార్కులు వేసేటప్పుడు జడ్జి మనసులో తేల్చుకునే విషయం కాదిది.

మొదటి ఆట ఎందుకంత విలువైనది

ముగ్గుల పోటీలో జడ్జి ముగ్గు చుట్టూ నాలుగుసార్లు తిరిగి చూడొచ్చు. నాలుగోసారి కూడా అదే ముగ్గు. లెవెల్ అలా కాదు. తలుపు వెనక ఎవరున్నారో ఒకసారి తెలిశాక ఆ తలుపు మళ్లీ తెలియనిది కాలేదు. జడ్జి ఒక మ్యాప్‌ను ఏమీ తెలియకుండా ఆడే అవకాశం జీవితంలో ఒక్కసారే ఉంటుంది. మ్యాప్ చేసినవాడికైతే ఆ ఒక్కసారి కూడా ఉండదు. అందుకే వాడికి బయటివాళ్ల తీర్పు కావాలి.

అందువల్ల ఆ మొదటి ఆటను ఎలా ఖర్చు పెడుతున్నామన్నది జడ్జి చేసే అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. రాత్రి పదకొండు తర్వాత, అప్పటికే ఆరు మ్యాపులు ఆడి అలసిపోయాక ఏడోది మొదలుపెడితే, దాని మొదటి ఆట పాడైనట్టే. అందరూ ఒకే వరుసలో ఆడితే ఆ ఏడో మ్యాప్‌కు ముగ్గురి దగ్గరా అదే గతి. ఒక్కో జడ్జి వేరే వరుసలో ఆడితే అలసట నష్టం అందరికీ పంచుకుపోతుంది. డూమ్‌లో మన ఆటను డెమోగా రికార్డు చేసుకునే వీలు మొదట్నుంచీ ఉంది. జడ్జి తన మొదటి ఆటను రికార్డు చేసి మార్కులతో పాటు ఇస్తే, ఏ చోట ఎంతసేపు తిరిగాడో, ఎక్కడ చచ్చాడో చేసినవాడు కళ్లారా చూసుకుంటాడు. అంకె కన్నా అది వాడికి ఎక్కువ పనికొస్తుంది.

దారి తప్పడం సంగతి ఇక్కడే వస్తుంది. నీలం తాళం చెవి దొరక్క జడ్జి నలభై నిమిషాలు తిరిగాడనుకోండి, తప్పెవరిది? దారి చూపించడం మ్యాప్ పని అనేవాళ్లు ఉన్నారు. ఒక దీపం, ఒక రంగు, కిటికీలోంచి ముందే కనిపించే తాళం చెవి లాంటివి పెట్టాలంటారు. 1990ల ఆటల మీద పెరిగినవాళ్లు మాత్రం వెతకడమే ఆట, చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఇంకేముంటుంది అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఈ రెండింటినీ విడదీయడానికి నాకు పనికొచ్చే గుర్తు ఒకటుంది. దొరికిన క్షణంలో "అరె, ఇక్కడే ఉందా, ఎట్ల మిస్సయిన!" అనిపిస్తే తప్పు నాది. "ఇది ఎవడికి తెలుస్తది?" అనిపిస్తే తప్పు మ్యాప్‌ది.

కష్టస్థాయి మీద చిన్న మాట

డూమ్‌లో ఆట మొదట్లో ఐదు కష్టస్థాయిలు కనిపిస్తాయి. కానీ రాక్షసులను, వస్తువులను పెట్టేటప్పుడు మ్యాప్ చేసేవాడి చేతిలో ఉండేవి మూడు జాబితాలే. మొదటి రెండు స్థాయిలకు ఒకటి, మధ్య దానికి ఒకటి, చివరి రెండిటికి ఒకటి. క్వేక్‌లో నాలుగు స్థాయిలున్నా జాబితాలు మూడే. పోటీకి చేసే చాలామంది సమయం చాలక ఒక్క జాబితాతోనే సరిపెడతారు. అప్పుడు తేలిక స్థాయి ఎంచుకున్న జడ్జికీ కష్టమైన సైన్యమే ఎదురొస్తుంది.

మా ముగ్గురిలో ఒకాయన పదేళ్లుగా ఆడుతున్నవాడు, నేను మధ్యరకం. ఎవరికి అలవాటైన స్థాయిలో వాళ్లు ఆడితే అందరికీ సమానమైన కష్టం అందుతుంది, కానీ అందరూ ఆడేది ఒకే మ్యాప్ కాదు. అందరూ ఒకే స్థాయిలో ఆడితే మ్యాప్ ఒక్కటే, కష్టం వేరు. రెండో పద్ధతికే నేను మొగ్గుతాను. ఎందుకంటే ఫలితం అడిగేది మ్యాప్ గురించి.

ఇద్దరు ఫస్ట్ అన్నది మూడోది ఎలా అయింది

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. లెక్క తేలిగ్గా ఉండాలని మూడు మ్యాపులనే తీసుకుంటున్నాను. మార్కులు పదికి.

మొదటి జడ్జి బావికి 8, కోటకు 7.5, స్తంభాలకు 7 వేశాడు. రెండో జడ్జి బావికి 8, కోటకు 7, స్తంభాలకు 7.5 వేశాడు. మూడో జడ్జి బావికి 3, కోటకు 8, స్తంభాలకు 7 వేశాడు.

కూడితే కోట 22.5, స్తంభాలు 21.5, బావి 19. బావి మూడోది.

మార్కులు వదిలేసి ర్యాంకులు మాత్రమే తీసుకుందాం. బావికి 1, 1, 3, మొత్తం 5. కోటకు 2, 3, 1, మొత్తం 6. స్తంభాలకు 3, 2, 2, మొత్తం 7. తక్కువ వచ్చినవాళ్లు గెలిచినట్టు కాబట్టి బావి ఫస్ట్! మధ్య మార్కును తీసుకునే పద్ధతి ఇంకొకటి ఉంది. ముగ్గురు వేసినవాటిలో పెద్దదీ చిన్నదీ పక్కన పెట్టి మధ్యలోదాన్ని చూస్తారు. బావికి 8, కోటకు 7.5, స్తంభాలకు 7. మళ్లీ బావే.

ఆడిన ఆట అదే, వేసిన మార్కులు అవే. కలిపే పద్ధతి మారితే గెలిచేవాడు మారాడు.

గ్రూపులో చాలామంది "మూడో జడ్జి పిసినారి, అందుకే ఇట్ల అయింది" అన్నారు. అది నిజం కాదు, దీన్ని కొంచెం ఓపికగా చూడాలి. ముగ్గురు జడ్జీలూ అన్ని మ్యాపులనూ ఆడినప్పుడు ఒక జడ్జి పిసినారి అయినా నష్టం లేదు. అతను అందరికీ రెండేసి తక్కువ వేస్తే అందరూ రెండేసి నష్టపోతారు, వరుస మారదు. వరుసను మార్చేది మార్కుల మధ్య దూరం. మొదటి ఇద్దరికీ ఫస్ట్‌కు, లాస్ట్‌కు తేడా ఒక్క మార్కే. మూడో జడ్జికి ఆ తేడా 5. కూడినప్పుడు అతని ఇష్టాయిష్టాలకు మిగతావాళ్లకన్నా ఐదింతల బరువు వచ్చింది. ఎవరూ అతనికి ఆ బరువు ఇవ్వాలనుకోలేదు. 7 నుంచి 8 లోపలే తిరిగే జడ్జి తన ఓటును తానే తగ్గించుకున్నట్టు, మొత్తం స్కేలును వాడే జడ్జి పెంచుకున్నట్టు.

అలాగైతే ర్యాంకులే వాడొచ్చు కదా? దానికీ ఖరీదుంది. ర్యాంకుల్లో "కొంచెం తక్కువ", "చాలా తక్కువ" రెండూ ఒకటే. మూడో జడ్జి వేసిన 3 ఏదో గట్టిగా చెబుతోంది. ర్యాంకు ఆ గొంతును నొక్కేస్తుంది. మధ్య మార్కు పద్ధతి ఇంకా కఠినం. ముగ్గురిలో ఒంటరిగా నిలబడ్డవాడి మాట అందులో వినిపించదు. కానీ ఒక్కోసారి ఆ ఒంటరివాడికే మ్యాప్‌లో ఏదో కనిపించి ఉంటుంది.

ఆ 3 వెనక ఉన్న 32

ఆ 3 వేసింది నేనే. ఎందుకు వేశానో తమ్ముడికి ఫోన్లోనే చెప్పాను, ఇక్కడా చెబుతాను.

పాత డూమ్ నియమాల్లో ఒక గది మీద ఇంకో గది కట్టలేం. అందుకని శివనగర్ మెట్ల బావిలో కనిపించే స్తంభాల వరుసలను మెట్ల కింద పెట్టడం కుదరదు. తమ్ముడు వాటిని గోడ మీది బొమ్మలుగా మార్చి, మెట్లనే బలంగా కట్టాడు. పైన ఎండ, దిగేకొద్దీ ఒక్కో మెట్టుకు కొంచెం చీకటి, అట్టడుగున పచ్చటి నీళ్లు. దిగుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. మొదటి ఇద్దరు జడ్జీలు 8 ఎందుకు వేశారో నాకు బాగా తెలుసు.

మధ్యలో రెండు బేరన్‌లు మీద పడ్డాయి. నేను వెనక్కి నడుస్తూ ఎడమవైపు అంచు మీంచి కిందికి పడ్డాను. డూమ్‌లో ఎంత ఎత్తు నుంచి పడ్డా దెబ్బ తగలదు, కాబట్టి బాగానే ఉన్నాను. కానీ పైకి ఎక్కలేకపోయాను. డూమ్‌లో ఆటగాడు 24 యూనిట్ల వరకే మెట్టు ఎక్కగలడు. కుడివైపు 160 యూనిట్ల లోతును పది మెట్లుగా చేశాడు, ఒక్కోటి 16. ఎడమవైపు అందం కోసం అదే లోతును ఐదు గట్లుగా చేశాడు, ఒక్కోటి 32. దిగడం కుదురుతుంది, ఎక్కడం కుదరదు. రాక్షసులు కూడా 24 కన్నా లోతైన అంచు దిగవు, కాబట్టి అటువైపు ఎప్పుడూ ఎవరూ రాలేదు. తమ్ముడు స్వయంగా ఎన్నిసార్లు ఆడినా కుడివైపే దిగాడు, ఎందుకంటే దారి అటు ఉందని వాడికి తెలుసు. నేను చివరిగా సేవ్ చేసింది ఇరవై అయిదు నిమిషాల కింద. అంతా మళ్లీ మొదటికి.

రెండు నిమిషాల్లో సరిచేయగలిగే తప్పుకు అన్ని మార్కులు పోవాలా? గడువు అంటే గడువు, ఇచ్చిన ఫైలునే చూడాలి అనేది ఒక వాదన. దీన్ని సడలిస్తే గడువులోగా పరీక్షించుకుని ఇచ్చినవాళ్లకు అన్యాయం జరుగుతుంది. చిన్న తప్పు వల్ల పెద్ద ఊహ కొట్టుకుపోకూడదన్నది ఇంకో వాదన. ఈ రెండోదాన్ని పట్టించుకునే పద్ధతి ఉంది. ఒకే అంకెకు బదులు గడులు పెట్టడం. ఆటకు 40, కనిపించే తీరుకు 25, ఊహకు 20, సాంకేతికానికి 15 అనుకుందాం. నేను ఆ షీటు మీద బావికి వేసి చూసుకున్నాను: 26, 23, 18, 2. మొత్తం 69. అంటే పదికి 6.9. ఆ లెక్కన బావి మొత్తం 22.9 అయి కోట 22.5ను దాటేది. మిగతా జడ్జీలు కూడా గడుల్లో వేసి ఉంటే వాళ్ల అంకెలూ మారేవి, అది వేరే సంగతి. నా కోపమంతా 15 మార్కుల గడిలో ఆగిపోయేది, అదే ఇక్కడ ముఖ్యం.

గడులకూ ఒక లోపం ఉంది, అది బతుకమ్మ పోటీలు చూసినవాళ్లకు తెలుసు. ఎత్తుకు ఇన్ని, వరుసకు ఇన్ని, పూల రకాలకు ఇన్ని అని వేస్తే, అన్నిట్లో ఫరవాలేదనిపించే బతుకమ్మ గెలుస్తుంది. తంగేడు, గునుగు రెండే పూలతో పేర్చినా, వాకిట్లో అందరూ ఆగి చూసే బతుకమ్మ వెనకబడుతుంది. మ్యాపుల్లోనూ అంతే. మెట్లు దిగుతుంటే ఒళ్లు జలదరించడానికి ఏ గడిలో చోటుంది?

మార్కులే లేకుండా

ఈ గొడవ వద్దనుకున్నవాళ్లు వేరే దారులు పట్టారు. డూమ్ అభిమానులు 2004 నుంచి ఏటా కాకోవార్డ్స్ పేరుతో ఆ ఏడాది మంచి మ్యాపులను ఎంచుతున్నారు. ఎంచినవాటికి ఎందుకు మంచివో ఒక పేరా రాస్తారు. క్వేక్ వాళ్లు ఒక విషయం ఇచ్చి, గడువు పెట్టి, వచ్చిన మ్యాపులన్నీ ఒక కట్టగా విడుదల చేస్తుంటారు. చాలాసార్లు అందులో విజేతే ఉండడు. పోటీ ఉంటే పిల్లలు రాత్రుళ్లు కూర్చుని పూర్తి చేస్తారు, అది నేను కళ్లారా చూశాను. విజేత లేకపోతే ధైర్యంగా వింత పనులు చేస్తారు, అది కూడా చూశాను. వచ్చే ఏడాది ఏది పెట్టాలో మావాళ్లు ఇంకా తేల్చుకోలేదు. పేరా రాయడం మాత్రం ఖాయం చేశారు.

తమ్ముడు ఎడమవైపు గట్లను రెండేసి మెట్లుగా విడగొట్టి, కొత్త ఫైలు పంపాడు. నేను ఆడాను, బాగుంది. కానీ నాకు అప్పటికే అంతా తెలుసు, నా మాటకు విలువ లేదని వాడికే చెప్పాను. కాజీపేట నుంచి వాళ్ల బాబాయి కొడుకు వచ్చాడు, ఇంటర్ చదువుతున్నాడు, ఈ మ్యాప్ పేరు కూడా వినలేదు. మేమిద్దరం వెనక కుర్చీల్లో కూర్చున్నాం. నోరు మెదపకూడదని ముందే అనుకున్నాం. వాడు పై గట్టు మీద నిలబడి ఒక్క నిమిషం కిందికి చూశాడు. ఎడమవైపు పోలేదు, కుడివైపూ పోలేదు. తిరిగి, నేనూ తమ్ముడూ ఇద్దరం ఎన్నడూ తాకి చూడని వెనక గోడ వైపు నడిచాడు. తమ్ముడు చప్పుడు కాకుండా నోట్‌బుక్ తెరిచాడు.